పూర్వపక్షం లేని సిద్ధాంతం

వ్యావహారిక భాషోద్యమ చరిత్రను మనం చెప్పుకునే తీరులో ఒక లోపం ఉన్నది. ఒకవైపు ప్రజల భాష, మరొకవైపు పండితుల భాష. ఒకవైపు గిడుగు, గురజాడ, మరొకవైపు జయంతి రామయ్య పంతులు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు. ప్రగతి గెలిచింది, ఛాందసం ఓడింది. పరీక్షలో ఈ మేరకు రాసిన విద్యార్థికి మార్కులకు లోటుండదు. ఐతే అదే విద్యార్థిని, “సరే, జయంతి రామయ్య వాదమేమిటి?” అని అడిగి చూడండి. “ఆయన గ్రాంథికవాది” అంటాడు. అది వాదం కాదు, వాదానికి మనం అంటించిన చీటీ. ఎం.ఏ. తరగతిలో ఈ పాఠం చెప్పేటప్పుడల్లా నేనీ ప్రశ్న వేస్తుంటాను. ఇంచుమించు ప్రతి ఏడూ ఆ చీటీయే జవాబుగా వస్తుంది. తప్పు విద్యార్థులది కాదు. మన విమర్శ వాళ్ల చేతికి అందించింది అంతే.

ప్రత్యర్థి వాదాన్ని వినడం, అర్థం చేసుకోవడం, దానివల్ల అవసరమైతే మనం మారడం – వీటి మనస్తత్వాన్ని గురించి మాట్లాడదలచుకున్నాను. నీతిపాఠాలకు దిగకుండా, మనకు బాగా తెలిసిన ఈ భాషావివాదాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. అభ్యుదయ సాహిత్యం నిలబడిన పునాదుల్లో వ్యావహారిక భాష ఒకటి. 1943లో తెనాలిలో జరిగిన అభ్యుదయ రచయితల మొదటి మహాసభకు అధ్యక్షత వహించిన తాపీ ధర్మారావు పర్లాకిమిడిలో గిడుగు శిష్యుడే. కనుక ఇది మన ఇంటి చరిత్ర.

మనలో ఒక అలవాటు బలంగా నాటుకున్నది. ఏదైనా అభిప్రాయం ఎదురైనప్పుడు “ఇది ఏ వర్గపు అభిప్రాయం?” అని అడుగుతాము. అడగవలసిన ప్రశ్నే. కాని జవాబు దొరకగానే పని అయిపోయిందనుకుంటాము. ఒక వాదం ఏ వర్గం ఇంట పుట్టిందో తెలిస్తే, అది ఎందుకు పుట్టిందో, ఎందుకు బతుకుతున్నదో తెలుస్తుంది. అది నిజమా, అబద్ధమా అన్నది మాత్రం తెలియదు. దానికి వేరే శ్రమ పడాలి. రికార్డో బూర్జువా అర్థశాస్త్రవేత్త అన్న సంగతి మార్క్స్‌కు ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా 1861–63 మధ్య రాసుకున్న నోటుబుక్కుల్లో, తర్వాత ‘అదనపు విలువ సిద్ధాంతాలు’గా అచ్చయిన భాగాల్లో, ఆయన స్మిత్‌నూ రికార్డోనూ పేరాలకు పేరాలు ఎత్తిరాసి, ఎక్కడ ఒప్పో ఎక్కడ తప్పో తేల్చుకుంటూ పోయాడు. చీటీ అంటించి ఊరుకుంటే ఆ నోటుబుక్కుల అవసరమే ఉండేది కాదు. 1888లో ఎంగెల్స్ మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరంలో రాచరికవాది బాల్జాక్‌ను గురించి చెప్పిన మాటలు, 1908లో లెనిన్ టాల్‌స్టాయ్ మీద రాసిన వ్యాసం మన వ్యాసాల్లో తరచుగా దర్శనమిస్తాయి. అవి ఉల్లేఖనాలుగానే వస్తాయి. వాటి వెనక ఉన్న చదివే పద్ధతి రాదు.

ఈ పద్ధతిని మనం యూరపునుంచే తెచ్చుకోవాలని లేదు. న్యాయదర్శనం పదహారు పదార్థాలు చెప్పింది. అందులో వాదం, జల్పం, వితండం వరసగా మూడు. సత్యం తేల్చుకోవడానికి ప్రమాణాలతో, తర్కంతో జరిపేది వాదం. గెలుపే లక్ష్యంగా, మాటల్ని వక్రించి అయినా సరే జరిపేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడంతో తృప్తిపడేది వితండం. ‘వితండవాదం’ అన్న మాటను మనం తిట్టుగా మిగుల్చుకున్నాము గాని, మన సభల్లో ఎక్కువగా నడిచేది జల్పమని గుర్తించము. ఇంకా ఆశ్చర్యకరమైనవి నిగ్రహస్థానాలు. అంటే వాదంలో మనిషి ఓడిపోయినట్టు లెక్కగట్టే స్థానాలు. ఇవి ఇరవై రెండు. వాటిలో ‘అననుభాషణం’ అని ఒకటుంది. ఎదుటివాడు తన మాట మూడుసార్లు చెప్పిన తర్వాత, సభకు అర్థమైన తర్వాత కూడా, దాన్ని నువ్వు తిరిగి చెప్పలేకపోతే నువ్వు ఓడినట్టే. ఖండన సంగతి తర్వాత; ముందు అప్పజెప్పు! ‘మతానుజ్ఞ’ అని మరొకటి. నీ పక్షంలో దోషం చూపిస్తే “నీ పక్షంలోనూ అదే ఉంది కదా” అన్నావంటే, నీ దోషాన్ని నువ్వే ఒప్పుకున్నట్టు. ఈ రెండు సూత్రాలు అమలుచేస్తే మన పత్రికల్లోని చర్చావేదికలు సగం ఖాళీ అవుతాయి.

ఈ సంప్రదాయాన్ని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. ఆ సభలోకి శూద్రుడికి ప్రవేశమున్నదా, స్త్రీకి ఎంత ఉన్నది అన్న ప్రశ్న ఉండనే ఉన్నది. ద్వారం దగ్గర కాపలా పెట్టి లోపల న్యాయం పాటించిన సభ అది. అయినా ఆ లోపలి నియమంవల్ల మనకొక మేలు జరిగింది. చార్వాకుల గ్రంథాలు దాదాపుగా నశించాయి. వాళ్లను గురించి మనకు తెలిసిందాంట్లో పెద్దభాగం వాళ్ల శత్రువులు రాసిన పూర్వపక్షాల్లో మిగిలిందే. 14వ శతాబ్దంలో మాధవాచార్యుడు ‘సర్వదర్శన సంగ్రహాన్ని’ చార్వాక దర్శనంతోనే మొదలుపెట్టాడు. 1959లో దేవీప్రసాద్ చట్టోపాధ్యాయ ‘లోకాయత’ రాసినప్పుడు, వక్రీకరణలను ఏరివేస్తూ, ఈ శత్రువుల సాక్ష్యాన్నే ఆధారం చేసుకోవలసివచ్చింది. మన భౌతికవాదాన్ని మనదాకా మోసుకొచ్చింది దాన్ని ద్వేషించినవాళ్లు. రేపు మన శత్రువుల వాదాలకు మన పుస్తకాలే దిక్కు అయితే, భావితరాలకు వాటిలో ఏం దొరుకుతుంది?

ఇక భాషావివాదానికి వద్దాము. దాని భౌతిక పునాదిని దాచవలసిన పనిలేదు. చిన్నయసూరి 1858లో ‘బాలవ్యాకరణం’ ప్రకటించాక, ఆ వ్యాకరణం ప్రకారం రాయడం, రాయించడం, దిద్దడం ఒక వృత్తి అయింది. పాఠ్యపుస్తకాలు, పండిత ఉద్యోగాలు, పరీక్షలు దాని చుట్టూ అల్లుకున్నాయి. అర్ధానుస్వారం ఎక్కడ వస్తుందో తెలిసినవాడికి, ఆ తెలివికి ధర పలికినన్నాళ్లే విలువ. విశ్వవిద్యాలయం పరీక్షల్లో వాడుకభాషకు చోటివ్వాలన్న ప్రయత్నం రాగానే కలవరం పుట్టిందీ, 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడిందీ ఊరికే కాదు. అవతల వాడుకభాష కోరినవారు కూడా ఎక్కువగా ఇంగ్లీషు చదువుకున్న కొత్త మధ్యతరగతివారే. ఇది మొదటి ప్రశ్నకు జవాబు. రెండో ప్రశ్న – ఎవరు చెప్పింది నిజం? – ఇంకా అలాగే ఉన్నది.

జయంతి రామయ్యను పుస్తకాల పురుగుగా, శాసనాలూ చరిత్రా పట్టని ఛాందసుడిగా చిత్రించడం తప్పు. ఆయన శాసన పరిశోధకుడు. దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో పదోదైన తెలుగు శాసనాల సంపుటానికి సంపాదకుడు. ‘సూర్యరాయాంధ్ర నిఘంటువు’ పనికి మొదట నాయకత్వం వహించినవాడు. గిడుగు కూడా శాసనాలు చదివినవాడే. ముఖలింగం గుడి గోడలమీది లిపిని తంటాలుపడి తనంతట తాను నేర్చుకున్నవాడు. అంటే ఇద్దరి ముందూ ఉన్నవి ఆ రాళ్లే. ఆ రాళ్లనుంచి జయంతి ‘శాసన పద్య మంజరి’ తయారుచేశాడు. అంటే పద్యాలు ఏరాడు. గిడుగు ‘గద్య చింతామణి’లో పాత వచనాన్ని, అందులోని వాడుక రూపాలను ఏరాడు. ఒకరికి పద్యం భాష, మరొకరికి వచనం భాష. జయంతి వచన శాసనాలను చూడలేదా? చూశాడు, పరిష్కరించి అచ్చువేశాడు. కాని ఆ రూపాలు ఆయన కంటికి రాయసగాళ్ల తప్పులుగా కనిపించాయి. గిడుగు కంటికి ఆనాటి జీవద్భాషగా కనిపించాయి.

ఈ స్థితిని మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రయోగం చేసి చూపించారు. 1979లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ముగ్గురు – లార్డ్, రాస్, లెపర్ – మరణశిక్షను సమర్థించే విద్యార్థులను, వ్యతిరేకించే విద్యార్థులను తీసుకొని, రెండు పక్షాలకూ ఒకే రకమైన రెండు పరిశోధనా ఫలితాలు చదవమని ఇచ్చారు. ఒక ఫలితం శిక్షకు అనుకూలం, మరొకటి ప్రతికూలం. ఉభయులూ ఒకే సాక్ష్యం చదివారు గనుక కాస్త దగ్గర పడతారనుకుంటాము. జరిగింది విరుద్ధం. ఎవరికి వారు తమకు నచ్చిన ఫలితాన్ని గట్టిదన్నారు, నచ్చనిదాంట్లో లొసుగులు వెదికారు, చివరకు మొదటికన్న మరింత దూరం జరిగారు. తెలివితక్కువవాళ్లు కారు వాళ్లు. లొసుగులు పట్టగల తెలివి ఉన్నందువల్లనే అంత దూరం జరగగలిగారు. ఇక్కడే ఉదారవాదుల సలహా కుంటుపడుతుంది. “ఇరుపక్షాలూ చదవండి, మనసు విశాలమవుతుంది” అంటారు వాళ్లు. ఉత్త చదువువల్ల మనసు విశాలం కాదు. ప్రత్యర్థి పుస్తకాన్ని తప్పులు పట్టడానికి చదివేవాడు తప్పులే పట్టుకుంటాడు.

మరి గిడుగు భిన్నంగా ఎలా చదవగలిగాడు? రెండు కారణాలు కనిపిస్తాయి నాకు. ఒకటి, ఈ వివాదంలోకి రాకముందే ఆయన సవరల భాష నేర్చుకున్నాడు. ఆ భాషకు లిపి లేదు, పుస్తకం లేదు, వ్యాకరణం లేదు. ఎవరినైతే నాగరికులు మనుషుల్లో జమకట్టరో వాళ్ల ముందు ఉపాధ్యాయుడైన తాను శిష్యుడిగా కూర్చోవలసివచ్చింది. ఏది ఒప్పు, ఏది తప్పు అని వాళ్లకు చెప్పే అధికారం ఆయనకు లేదు. వినడం తప్ప గత్యంతరం లేదు. భాషంటే పుస్తకంలో ఉండేదన్న నమ్మకం ఆ వినడంలో కరిగిపోయి ఉండాలి. రెండోది, ఆయన కూడా మారిన మనిషే. నలభై ఏళ్లు దాటేదాకా అందరిలాగే గ్రాంథికం బోధించాడు. 1907 ప్రాంతంలో స్కూళ్ల ఇన్‌స్పెక్టరు యేట్స్ దొర, ‘మీరు మాట్లాడే భాష, పుస్తకాల్లోని భాష వేరువేరుగా ఎందుకున్నాయి?’ అన్న ప్రశ్న లేవనెత్తాకనే ఆయన ఆలోచన ఈ దారి పట్టింది. ఎదుటివాడి ఇంట్లో కాపురమున్నవాడు గనుక ఆ ఇంటి గదులన్నీ ఆయనకు తెలుసు. చిన్నయసూరి సూత్రాలు చిన్నయసూరి భక్తులకన్న ఆయనకే క్షుణ్ణంగా వచ్చు. ఆ సూత్రాల ప్రకారమే పండితుల రచనల్లో తప్పులెన్ని ఉన్నాయో పట్టికలు వేసి చూపించాడు.

ఇక్కడ ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. అననుభాషణ దోషం గిడుగుకు ఏ కోశానా అంటదు. కాని ఆయన పద్ధతిలో జల్పం పాలు తక్కువేమీ కాదు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’ అని పేరుపెట్టి, పండితులు తమకు తాముగా మనసు మార్చుకుంటారని ఆశించడం కష్టం. తప్పుల పట్టిక ప్రేక్షకులను ఒప్పించింది, యువకులను తనవైపు తిప్పుకుంది. ఎవరి తప్పులు చూపించాడో వాళ్లను మాత్రం మరింత బిగుసుకుపోయేట్టు చేసింది. సభ గెలవడం, మనిషిని గెలవడం రెండూ ఒకటి కావు. ఉద్యమానికి మొదటిది చాలునని వాదించవచ్చు. నేనూ సగం ఒప్పుకుంటాను. అన్నీ ఒప్పించి చేయవలసివస్తే చరిత్రలో ఏ మార్పూ వచ్చి ఉండేది కాదు.

గురజాడ పద్ధతి వేరు. విశ్వవిద్యాలయం నియమించిన రచనా ఉపసంఘంలో తాను అల్పసంఖ్యాక పక్షమని తెలిసి, 1914లో ఆయన ఇచ్చిన అసమ్మతి పత్రం ఇంగ్లీషులో సాగిన పెద్ద గ్రంథమే. ఓడిపోతానని తెలిసినవాడు మామూలుగా రెండు పనుల్లో ఒకటి చేస్తాడు: అలిగి లేచిపోవడమో, సంతకం పెట్టి ఊరుకోవడమో. గురజాడ లేచిపోలేదు, ఊరుకోలేదు. ప్రతిపక్షం ఆధారాలను ఒక్కొక్కటే తీసి పరీక్షించి, తన అసమ్మతిని రికార్డులోకి ఎక్కించాడు. మరుసటి సంవత్సరం చనిపోయాడు. అభిప్రాయభేదాన్ని విశ్వాసఘాతుకంగా చూసే ఏ సంఘంలోనైనా, మనదానితో సహా, మినిట్స్ పుస్తకంలో అసమ్మతి పత్రానికి ఎన్ని పేజీలు ఉంటాయో చూస్తే ఆ సంఘం ఆరోగ్యం తెలిసిపోతుంది. తీర్మానాలన్నీ ‘ఏకగ్రీవం’గా ఉన్న పుస్తకాన్ని చూసి గర్వపడేవారున్నారు. నాకు భయం వేస్తుంది.

వీరేశలింగం సంగతి అన్నిటికన్న ఆసక్తికరమైనది. చిన్నయసూరి వదిలిన చోటునుంచి పంచతంత్ర కథల్లో ‘విగ్రహం’, ‘సంధి’ అందుకొని రాసినవాడు, తెలుగు వచనానికి పెద్దదిక్కుగా పేరుపొందినవాడు, చాలాకాలం గ్రాంథికం పక్షాన ఉన్నవాడు. ప్రహసనాల్లో వాడుకభాష పలికించినా, గౌరవప్రదమైన వచనానికి అది పనికిరాదనే ఆయన లెక్క. అలాంటి మనిషి 1919 ఫిబ్రవరి 28న, 70 ఏళ్లు దాటిన వయసులో, రాజమహేంద్రవరంలో ఏర్పడిన వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షుడయ్యాడు. గిడుగు కార్యదర్శి. మూడు నెలలు తిరగకుండా, మే 27న వీరేశలింగం కన్నుమూశాడు. తన జీవితకాలపు రచనంతా ఏ భాషలో ఉన్నదో ఆ భాషకు వ్యతిరేకంగా చివరి సంతకం పెట్టాడన్నమాట. తాను చేసినదానికీ నమ్మేదానికీ వైరుధ్యం వచ్చినప్పుడు మనిషి నమ్మకాన్నే చేసినదానికి అనుగుణంగా సర్దుకుంటాడని ఫెస్టింగర్ 1957లో సిద్ధాంతం చేశాడు. వీరేశలింగం ఆ సర్దుబాటు చేసుకోలేదు. ఎందువల్ల?

‘మహానుభావుడు గనుక’ అంటే విమర్శ కాదు, భజన. నా అంచనా ఇది: వీరేశలింగం తన్ను తాను గ్రాంథికవాదిగా ఎన్నడూ ఎంచుకోలేదు, సంస్కర్తగా ఎంచుకున్నాడు. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించిన రోజునుంచి ఆయన ఆత్మగౌరవం అక్కడ నాటుకుని ఉన్నది, అరసున్నలో కాదు. భాష విషయంలో మాట మార్చుకుంటే ఆ పెద్ద గౌరవానికి భంగం లేదు సరిగదా, అది అందుకు అనుగుణం కూడా. మనిషి ఒక అభిప్రాయాన్ని వదులుకోవాలంటే, వదులుకున్న తర్వాత నిలబడటానికి ఇంకొంచెం విశాలమైన చోటు కావాలి. జయంతి రామయ్యకు అలాంటి చోటు లేకుండాపోయింది. పరిషత్తు, నిఘంటువు, వివాదం – ఆయన పేరంతా ఒకే స్తంభానికి కట్టి ఉన్నది. దీన్నిబట్టి మనకొక ఆచరణాత్మకమైన సంగతి బోధపడుతుంది. ఎదుటివాడి అభిప్రాయంతోబాటు అతని మనిషితనాన్ని కూడా అదే మాటలో తీసిపారేస్తే, అతను మారడానికున్న దారి మనమే మూసేసినట్టు. ‘రివిజనిస్టు’, ‘అతివాది’, ‘పెటీ బూర్జువా’ అన్న మాటలతో మన శిబిరంలో ఎన్ని దారులు మూసుకుపోయాయో, 1970కి ముందూ తర్వాతా సంఘాలు చీలిన చరిత్ర తెలిసినవారికి నేను వివరించనక్కరలేదు.

ఇంతకూ జయంతి పక్షం వాదమేమిటి? అందులో చాలాభాగం ఈనాడు నిలవదు; భాష మారకూడదన్న భావం ఏ భాషాశాస్త్రానికీ నిలవదు. ఐతే ఒక ప్రశ్న మాత్రం గట్టిది. వాడుకభాష అంటున్నారు గదా, ఎవరి వాడుక? జిల్లాకొక తీరు, కులానికొక తీరు ఉన్నప్పుడు దేన్ని రాస్తారు? గ్రాంథికం ఎవరిదీ కాదు గనుక అందరికీ సమానదూరంలో ఉన్నది; వాడుకభాష రాయడమంటే ఒకరి వాడుకను అందరి నెత్తినా రుద్దడమే గదా? ఈ ప్రశ్న వేసినవారి ఉద్దేశం ప్రజాస్వామికం కాదు. గ్రాంథికం అందరికీ సమానదూరంలో లేదు. చదువు ఎవరి సొత్తో వారికి దగ్గర, మిగతావారికి దూరం. అయినా ప్రశ్న ప్రశ్నే. గిడుగు దానికి చెప్పిన జవాబు శిష్టుల వాడుక. ఆయన కాలానికి అది పనిచేసే జవాబు. తర్వాత వచ్చిన మనం, వర్గదృష్టి మా సొంతమనుకునే మనం, ‘శిష్టుడంటే ఎవడు?’ అని అడిగి ఉండాలి. మనం అడగలేదు. ప్రశ్న శత్రువు నోటినుంచి వచ్చింది గనుక దాన్ని శత్రువుతోబాటు పూడ్చేశాము.

పూడ్చిన ప్రశ్న మొలకెత్తింది. పత్రికలు, ప్రచురణ సంస్థలు మద్రాసులోనూ బెజవాడలోనూ పెరిగాయి. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్న పై కులాల పలుకుబడి ‘ప్రామాణిక’మైంది. 1956లో రాష్ట్రం ఏర్పడ్డాక, తెలంగాణ పిల్లవాడికి బడిలో ఎదురైంది గ్రాంథికం కాదు, మన విజయవంతమైన వ్యావహారికం. కాళోజీ బడిభాషకూ పలుకుబడుల భాషకూ మధ్య దూరాన్ని ఎత్తిచూపింది దీన్నే. ఈనాడు గిడుగు పుట్టినరోజు ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవం. పదకొండు రోజుల ఎడం. రెండు సభల్లోనూ దండలు వేస్తారు. ఒక సభలోని ప్రశ్న రెండో సభలో వినిపించదు.

సాహిత్యంలో ఈ చెల్లని లెక్క మరింత స్పష్టంగా కనిపిస్తుంది. వేదం వేంకటరాయశాస్త్రి 1897 నాటి ‘ప్రతాపరుద్రీయం’లో ఉత్తమ పాత్రలకు గ్రాంథికం, నీచ పాత్రలకు వాడుకభాష పంచి, దానికి పాత్రోచిత భాష అని పేరుపెట్టాడు. మనం ఆ పంపకాన్ని సరిగానే ఎగతాళి చేశాము. తర్వాత మన అభ్యుదయ కథల్లో ఎక్కువభాగం ఎలా నడిచాయి? కూలివాడి నోట మాండలికం, రచయిత నోట శిష్టభాష. పాత్ర మాట్లాడుతుంది, రచయిత ఆలోచిస్తాడు! మాండలికంలో ఏడవవచ్చు, తిట్టవచ్చు, నినాదం కూడా ఇవ్వవచ్చు. సమాజాన్ని విశ్లేషించడానికి మాత్రం శిష్టభాషే కావాలి. పంపకం అదే, పేరు మారింది. కథనాన్ని కూడా తన ఊరి మాటలోనే నడిపిన చిత్తూరు జిల్లా నామిని సుబ్రహ్మణ్యం నాయుడు లాంటివారు తర్వాత కాలంలో వచ్చారు. వాళ్లు మన విమర్శ సిద్ధంచేసిన బాటన రాలేదు. చెప్పాలంటే, విమర్శ వాళ్ల వెనక పరుగెత్తవలసివచ్చింది.

విద్యార్థులతో ఈ మధ్య ఒక పద్ధతి ప్రయత్నిస్తున్నాను. వ్యావహారికాన్ని సమర్థిస్తూ వ్యాసం రాసేముందు, జయంతి పక్షం ప్రశ్నను జయంతి ఒప్పుకునేంత న్యాయంగా ఒక పేజీ రాయాలి. మొదట విసుక్కుంటారు. ఆ పేజీ రాసిన తర్వాత రెండో భాగం వాళ్ల చేతుల్లోనే మారిపోతుంది. జనం భాష గెలిచిందని రాసే చోట చేయి ఆగుతుంది. గత సంవత్సరం అలా చేయి ఆగిన విద్యార్థి ఒకడు, “సార్, మరి మేము ‘వస్తడు’ అని రాస్తే ‘వస్తాడు’ అని ఎందుకు దిద్దుతారు?” అని అడిగాడు. పక్కనున్న అనంతపురం పిల్ల “మేము ‘వస్తాండాడు’ అంటాము, అది కూడా దిద్దుతారు” అన్నది. మూల్యాంకన కేంద్రంలో కూర్చునే ఉపాధ్యాయ మిత్రులు ఈ వ్యాసం చదువుతున్నారు గనుక అడుగుతున్నాను. ఏ సూత్రం ప్రకారం దిద్దుతున్నాము? చిన్నయసూరి సూత్రం కాదు, ఆయన ఈ రెండింటినీ కొట్టేసేవాడు. గిడుగు సూత్రమా? అయితే ఆ శిష్టుడెవరో, ఏ జిల్లావాడో, ఎర్రసిరా వాడేముందు పేరు చెప్పవలసి ఉంటుంది.